ముగ్గురు కూడా ఆపలేని మా అన్న

అప్పట్లో మా పాతబస్తీలో ఏ కబురైనా జనం చెవిన పడాలంటే అది ముందు రిక్షా ఎక్కాల్సిందే. కొత్త సినిమా వచ్చినా, బట్టల దుకాణంలో ధరలు తగ్గినా, ఎవరి పిల్లవాడైనా తప్పిపోయినా, రిక్షా టాపు మీద గరాటా లాంటి మైకు కట్టి, సీట్లో ఒక గొంతును కూర్చోబెట్టి గల్లీ గల్లీ తిప్పేవారు. (గొంతును అంటున్నాను గాని మనిషిని అనడం లేదు. ఆ పనికి మనిషితో పెద్ద అవసరం ఉండేది కాదు.) డెబ్బైల్లో, నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో, మొఘల్‌పురాలో అలాంటి గొంతు నాది. చదువులో నాకంటే వెనకబడ్డవాళ్లను వెతకాలంటే కష్టపడాలి గాని, అరుపులో నా ముందు నిలిచేవాడు చుట్టుపక్కల లేడు. సెలవుల్లో ఊరికే ఇంట్లో అరిచే బదులు బయట అరిస్తే నాలుగు డబ్బులైనా వస్తాయని అమ్మే నన్ను మైకు దుకాణానికి పంపింది.

ఆ దుకాణం యజమానిని అందరూ హలో సేట్ అనేవారు. 'హలో, హలో, మైక్ టెస్టింగ్' అంటూ సగం జీవితం గడిపేసిన మనిషి. కాలేజీల ఫుట్‌బాల్ ఫైనల్‌కు ప్రచారం చేసే పని తనకు దొరికిన రోజు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"సున్ బేటా. ఆట ఉన్నదని చెప్తే ఎవ్వడు రాడు. మీరే గెలుస్తరని చెప్తేనే వస్తరు. ఏ మొహల్లాకు పోతే ఆ మొహల్లా టీమే గెలుస్తదని చెప్పు. సమఝా?"

"రెండు టీములు ఎట్ల గెలుస్తయి సేట్?"

"గది ఫైనల్ నాడు వాళ్లు చూసుకుంటరు. మనకెందుకు ఫికర్? గప్పటికి మనం చెప్పుడు అయిపోతది."

ఆ ఏడు ఫైనల్‌కు వచ్చినవి ఇవతలి కాలేజీ, అవతలి కాలేజీ. వాటికి వేరే పేర్లు లేక కాదు, మా వైపు ఎవరూ ఆ పేర్లు పలికేవారు కాదు. మూసీకి ఇవతల ఉన్నది మనది, అవతల ఉన్నది వాళ్లది, అంతే. ఏడాదికోసారి ఈ రెండూ తలపడే వారంలో అవతలి పిల్లలు మూసీ మీది పుల్ దాటి మా వైపు బిర్యానీకి రావడం మానేసేవారు. మేము కూడా పచారీ సామానుకు వాళ్ల బేగంబజార్ వెళ్తే ధనియాల గురించి, మిరపకాయల గురించి తప్ప ఇంకో మాట ఎత్తకుండా తలవంచుకుని వచ్చేసేవాళ్లం.

మా ఇవతలి కాలేజీకి సెంటర్ ఫార్వర్డ్ ఎవరో కాదు, మా అన్న. అతను బంతిని తన్నితే గోడ అవతల పడుకున్నవాళ్లు లేచేవారని గల్లీ అంతా అతన్ని 'తోప్' అని పిలిచేది. ఉర్దూలో తోప్ అంటే ఫిరంగి. ఆ ఫైనల్ చూడటానికి ఒక పెద్ద కర్మాగారం నుంచి సార్లు వస్తున్నారని కబురు. వాళ్లకు సొంత ఫుట్‌బాల్ టీము ఉండేది. నచ్చిన కుర్రాణ్ణి పట్టుకుపోయి పర్మనెంటు ఉద్యోగం ఇచ్చేసేవారు. మా బాపు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన చేతులు అప్పటికే వణకడం మొదలుపెట్టాయి. పానా పట్టుకుంటే నట్టు దొరికేది కాదు. పై అధికారికి కనబడకుండా పక్కనున్నవాళ్లే ఆయన పని చేసిపెడుతున్నారని మాకు తెలుసు, మాకు తెలుసన్న సంగతి ఆయనకూ తెలుసు. అందుకని ఆ ఉద్యోగం మా ఇంటికి ఎంత అవసరమో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అలాంటి సమయంలో, శనివారం ఫైనల్ అనగా ఆదివారం నాడు, అన్న కదులుతున్న బస్సులోంచి దూకి కాలు మెలిపెట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి మోకాలు కొబ్బరికాయంత అయింది. ఎముకలు సరిచేసే పహిల్వాన్‌ను చాటుగా ఇంటికి పిలిచాం. ఆయన నూనె రాసి, కాలు అటూ ఇటూ తిప్పి, అన్న అరిచిన అరుపు విని తృప్తిపడి (ఆ అరుపే ఆయనకు ఎక్స్‌రే) "హడ్డీ సలామత్. మగర్ పదిహేను రోజులు ఉరుకుడు బంద్" అని, ఎముక బాగానే ఉన్నా పరుగు మాత్రం లేదని తేల్చేశాడు. అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. బాపు లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఈ ముచ్చట గడప దాటొద్దు. కాలేజీల తెలిస్తే వీణ్ణి కూసోబెడ్తరు. కూసుంటే ఆ సార్లు ఎవరిని చూస్తరు?" అని, నా వైపు తిరిగి, "ముఖ్యంగ నీ నోరు" అన్నాడు.

ఆ మర్నాటి నుంచే నోటితో నా ఉద్యోగం మొదలు.

మొదటి రోజు మా మొఘల్‌పురాలోనే తిప్పాం. రిక్షా తొక్కే చాచాకు చెవి కాస్త దూరం, అందుకే ఆ పని ఆయనకు సుఖంగా ఉండేది. "భాయియోఁ ఔర్ బెహనోఁ! అన్నలారా, అక్కలారా! శనివారం సాయంత్రం మన తోప్ పేలుతది! ఒకటి కాదు, రెండు కాదు, మూడు గోల్లు!" అని అరుచుకుంటూ మా ఇంటి ముందుకే వచ్చాను. లోపల అన్న మోకాలికి అమ్మ ఉప్పు మూటతో కాపడం పెడుతోంది. తలుపు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి, పొయ్యి మీద మంట తగ్గించమన్నట్టు సైగ చేసింది. తగ్గించడం ఎలా? నా వెనక అప్పటికే పిల్లల మంద ఉంది, మూడు గోల్లు నాలుగు చెయ్యమని లొల్లి పెడుతోంది. చేశాను.

సాయంత్రం ఇంటికి వెళ్తే అన్న కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నాలుగు కొడ్తనా నేను?"

"సేట్ గట్లనే చెప్పమన్నడు."

"జర తక్కువ చెప్పు తమ్మీ. నువ్వొక్క గోల్ పెంచినవంటే నాకు బుక్కెడు బువ్వ దిగుతలేదు."

మా వైపే ఉన్న కిషన్‌బాగ్‌లో మర్నాడు రెండు గోల్లకు తగ్గించాను. అయినా అన్న తినలేదు. బాపు వర్క్‌షాపు నుంచి వచ్చి రోజూ మోకాలు చూసేవాడు, టీ సాసర్‌లో పోసుకుని చల్లారేదాకా ఆ వాపునే చూస్తూ ఉండేవాడు.  పగలంతా ఊరికి ధైర్యం పంచి, ఇంటికొచ్చి అన్న వదిలేసిన కంచం చూసి పడుకోవడం నాకు అలవాటైపోయింది.

గురువారం బేగంబజార్ వంతు. అక్కడ తోపుడుబండ్ల మధ్య, బస్తాలు మోసే హమాలీల మధ్య రిక్షా అంగుళం అంగుళం కదిలేది. సేట్ ఉపదేశం ప్రకారం అవతలి కాలేజీ గెలుస్తుందని బుద్ధిగా మొదలుపెట్టాను. వాళ్ల కెప్టెన్ అక్కడి చింతపండు దుకాణం వాళ్ల అబ్బాయి. ఎదుటి ఫార్వర్డ్‌ను ఆపే సెంటర్ హాఫ్ ఆడేవాడు. అందరూ అతన్ని చింతపండు అనేవారు, అతను పట్టించుకునేవాడు కాదు. నేను అతన్ని పులి అన్నాను, సింహం అన్నాను. అంతా సవ్యంగా జరిగిపోయేదే, కాని ఒక దుకాణం అరుగు మీద నుంచి ఎవరో నవ్వాడు.

"తోప్ అంట తోప్! గా తోప్‌ల బారూద్ ఎప్పుడో అయిపోయింది!"

మందుగుండు లేని ఫిరంగి అనేసరికి చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. హమాలీలు కూడా బస్తాల కింద నుంచే నవ్వారు. నాలుగు రోజులుగా అన్నం సరిగా ముట్టని మా అన్న నాకు కళ్ల ముందు కనిపించాడు. సేట్ ఉపదేశమూ బాపు హెచ్చరికా రెండూ ఒక్కసారే ఎగిరిపోయాయి. "తోప్ ముంగట మీరెంత? ఒక్కడు కాదు, ముగ్గురు నిలబడ్డా ఆపలేరు! ఉంటే పెట్టుకోండ్రి ముగ్గుర్ని!" అని అరిచేశాను. గరాటా మైకు ఆ మాటను తీసుకెళ్లి మిర్చి గోదాముల దాకా విసిరింది. బజారు ఒక్క క్షణం ఆగింది. (చాచా మాత్రం వినబడక ప్రశాంతంగా గంట కొడుతున్నాడు.)

దుకాణంలోంచి చింతపండు బయటికి వచ్చాడు. కోపం లేదు, అరుపు లేదు. చేతులకు అంటిన గుజ్జును గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు.

"ముగ్గురా?"

నాకు నోట మాట రాలేదు. నా జీవితంలో అలాంటి సందర్భం అదే మొదటిది.

"సరే. ముగ్గుర్ని పెడ్త" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కుంటుకుంటూ నడిచే అన్న మీదికి ముగ్గురు బలిసిన కుర్రాళ్లు దూకుతున్నట్టు అన్నం తింటున్నా కనిపించేది, ముఖం కడుక్కుంటున్నా కనిపించేది. శుక్రవారం పొద్దున్నే, మైకు లేకుండా, నడిచి బేగంబజార్ వెళ్లి చింతపండు ముందు నిలబడ్డాను. నేను తోప్ తమ్ముణ్ణని అతనికి తెలియదు.

"అన్నా, నిన్న నేను జోష్‌ల అన్న. గా తోప్ అంత గొప్పోడేం కాదు. ఒక్కడు చాలు. ఒక్కడు గుడ ఎక్కువే."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్న ముగ్గురు ఆపలేరంటివి. ఇయ్యాల ఒక్కడు ఎక్కువంటున్నవు. నిన్నెవరు పంపిండ్రు తమ్మీ?"

"ఎవ్వరు పంపలే అన్నా, ఒట్టు."

"వాళ్ల కోచ్ పంపిండా?"

"కాదన్నా!"

"అంటే ఏదో పెద్ద ప్లానే ఉన్నది" అని తనలో తాను తల ఊపుకున్నాడు. "నేను ఇద్దరితోని సరిపెడ్దామనుకున్న. ఇగ ముగ్గురు పక్కా."

ఇక దాచలేక ఆ సాయంత్రం ఇంట్లో చెప్పేశాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. అన్న తన మోకాలు చూపించి, "నన్ను ఆపనీకి ఒక్క గడప చాలు గదరా" అన్నాడు. బాపు తిడతాడని తలవంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. పెట్టెలోంచి పాత ధోవతి తీసి రెండు పొడుగాటి పట్టీలు చింపాడు. "రెండు మోకాళ్లకు కట్టుకో బిడ్డా. ఏది మంచిదో ఏది చెడ్డదో వాళ్లకెట్ల ఎరుకైతది?" అన్నాడు. పట్టీ కడుతుంటే ఆయన చేతులు వణికాయి. అన్న ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాడు. ఆ చేతుల కోసం అన్న కాలు లెక్కచెయ్యకుండా ఉరుకుతాడేమోనని అప్పుడు నాకు పుట్టిన భయం ముందటి భయాలన్నిటికంటే పెద్దది.

శనివారం మైదానం నిండిపోయింది. హలో సేట్ జనాన్ని చూసి మురిసిపోతూ నన్ను మైకు దగ్గర కూర్చోబెట్టాడు. షామియానా కింద సఫారీ సూట్లలో కర్మాగారం సార్లు కూర్చున్నారు. ఈల మోగింది. చింతపండు చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు. తను, తనకు తోడు ఇద్దరు, అన్న చుట్టూ చేరారు. అన్న పరుగెత్తలేదు, పరుగెత్తితే కదా కుంటుతున్నట్టు తెలిసేది. మెల్లగా, ఏదో ఆలోచిస్తున్నవాడిలా, ఎడమవైపుకు నడిచాడు. ముగ్గురూ నడిచారు. కాసేపు ఆగి కుడివైపు నడిచాడు. ముగ్గురూ మళ్లీ నడిచారు. ఊరేగింపులో పెళ్లికొడుకు వెంట తోడుపెళ్లికొడుకులు నడిచినట్టు ఉంది వ్యవహారం. బంతి ఒకసారి పొరపాటున అతని దగ్గరికి వస్తే, నిప్పు తగిలినట్టుగా మంచి కాలితో వెంటనే వదిలించుకున్నాడు. జనం "తోప్! తోప్!" అని అరుస్తుంటే నేను మైకు ముందు టీముల పేర్లు తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాను.

అన్న కావాలనే ఆ ముగ్గుర్నీ ఒక మూలకు తీసుకెళ్లి నిలబెట్టాడో, నొప్పికి నీడ వెతుక్కుంటూ వెళ్లాడో ఇప్పటికీ ఇద్దరం తేల్చుకోలేదు. ముగ్గురు అక్కడ ఉంటే వాళ్ల గోలు ముందు మైదానం ఖాళీ. మా వైపు వింగ్‌లో ఒక బక్కపలచని కుర్రాడు ఉండేవాడు, అగ్గిపుల్ల అనేవాళ్లం. అప్పటిదాకా అతని పేరు నేను మైకులో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అతను ఆ ఖాళీలోంచి ఒకసారి, ఆట ముగిసేముందు మరోసారి వెళ్లి రెండు గోల్లూ కొట్టేశాడు. రెండో గోలు పడ్డాక కూడా చింతపండు మా అన్న పక్కనుంచి కదల్లేదు. అసలు ప్లాను ఇంకా బయటపడలేదని అతని నమ్మకం.

ఆట అయ్యాక సఫారీ సార్లలో పెద్దాయన షామియానా దిగి నేరుగా అన్న దగ్గరికి వచ్చాడు. పక్కనున్న కోచ్‌తో, "బంతి ముట్టకుండా ముగ్గుర్ని లాక్కుపోయిండు చూడండ్రి! బ్రెయిన్! దిస్ బాయ్ హాజ్ బ్రెయిన్!" అన్నాడు. ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డ అన్న ఏమీ అర్థంకాక రెండు చేతులూ జోడించాడు. వినయం కూడా ఉందని ఆయన ఇంకా మెచ్చుకున్నాడు.

నెల తిరక్కుండానే ఉద్యోగం వచ్చింది. అగ్గిపుల్లను కూడా తీసుకున్నారు, లేకపోతే నాకు ఈ కథ చెప్పే ముఖం ఉండేది కాదు. గల్లీ అంతా మిఠాయి పంచుతుంటే అన్న మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అంతకుముందు ఎన్నో ఆటల్లో అతను దుమ్ములో పడి లేచి, ఒంటరిగా గోల్లు కొట్టి గెలిపించినవాడు. "నేను ఆడలే బాపూ. ఆడనినాడు నన్ను తీసుకున్నరు" అన్నాడు.  బాపు పక్కన కూర్చుని అన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఆడిననాడు ఎవ్వలు రాలే బిడ్డా. ఆ ఆటలకే ఇప్పుడు ఇచ్చిండ్రనుకో. పొద్దుగాల లేచి డ్యూటీకి పో" అన్నాడు.

అన్న మోకాలు నయమయ్యాక కర్మాగారం టీములో చాలా ఏళ్లు బాగానే ఆడాడు. ఆ తర్వాత అతని మీదికి ముగ్గుర్ని ఎవరూ పెట్టలేదు, ఒక్కణ్ణే పెట్టేవారు. దాంతో పాపం నిజంగా ఆడాల్సి వచ్చేది. నా గొంతు సంగతికొస్తే, ఇప్పుడు పక్క గదిలో ఉన్న మనవణ్ణి పిలిచినా వాడు రాడు. సాయంత్రం పూట టీవీ ముందు కూర్చుంటాను. ఏ ఆటకు ముందైనా కోట్లు వేసుకున్న పెద్దమనుషులు చేరి, ఫలానావాడు ఇవాళ చెలరేగిపోతాడు, అతన్ని ఆపేవాడే లేడని మొదలుపెట్టగానే నా చెయ్యి రిమోట్ కోసం వెతుకుతుంది. శబ్దం పూర్తిగా తగ్గించేస్తాను. చెవుడు వచ్చిందా, టీవీ పాడైందా అని మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వేస్తాను గాని, ఆ ఫలానావాడు ఆ పూట అన్నం తిన్నాడో లేదో అనిపిస్తూనే ఉంటుంది.