నిచ్చెన కాలికి కట్టిన గుడ్డ

మా సి లాంగ్వేజ్ మాస్టారు మొన్న మంగళవారం మామిడిచెట్టు మీదే పోయారు. కొమ్మల మధ్య గుండె ఆగింది. బాపులపాడులో ఒకరి మోటారు విప్పుతుంటే ఫోన్ వచ్చింది. ముందు నవ్వాను. పాతికేళ్లుగా నేను వేసిన వేషాలకు ఆయన బదులు తీర్చుకుంటున్నారనుకున్నాను. అవతల ఏడుపు వినిపించాక స్పానర్ అక్కడే పడేసి బయల్దేరాను.

నూజివీడులో ఆయన క్లాసుకు ఇంటర్ తప్పిన నేను చేరింది ఆ గదిలో ఏసీ ఉందని. చెప్పడంకన్నా కొట్టడమే ఎక్కువ. డస్టర్ విసిరితే గురి తప్పేది కాదు. నా కనుబొమ మీద గుర్తు ఇంకా ఉంది. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటుకు చిరునామా అని ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు.

ఆ వేసవిలో ఆయన తన తోటలో చెట్టెక్కి రసాలు కోస్తుంటే, సరదాకి నిచ్చెన లాగేశాను. ఆయన కిందికి చూడకుండా కాలు పెట్టారు. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పడ్డచోటే కూర్చుని, ఎడంచేత్తో కాయలు కోసే చిక్కం కర్ర అందుకుని, అది విరిగేదాకా నన్ను బాదారు. మర్నాడు కట్టుతోనే క్లాసుకు వచ్చి నన్ను నిలబెట్టారు.

“నేను కాలు పెట్టింది నిచ్చెన మీద కాదురా వెధవా, అంతకుముందు నిచ్చెన ఉన్న చోట. మెమరీ ఫ్రీ చేసేసి, అంటే ఇక అక్కర్లేదని వదిలేసి, పాత పాయింటర్ పట్టుకుని పోతే జరిగేది ఇదే.”

అప్పుడెక్కింది.

ఆనాటి నుంచి తోటలో కొత్త పద్ధతి. ఎక్కేవాడు నిచ్చెన కాలికి ఒక గుడ్డ కట్టాలి, దిగాక విప్పాలి. ఒక్క గుడ్డ ఉన్నా నిచ్చెన కదపకూడదు. కట్టినవాడే విప్పాలి, ఇంకొకడు ముట్టుకుంటే తన్నులు, మరిచిపోయినా తన్నులే. “విప్పకపోతే ఆ నిచ్చెన ఎవడికీ పనికిరాకుండా అక్కడే చీకిపోద్ది” అనేవారు. ప్రోగ్రాముల్లోనూ అంతే. మెమరీ వాడుకునే ప్రతి ముక్కా లెక్కలో ఒకటి కలపాలి, వదిలేటప్పుడు ఒకటి తీసేయాలి. సున్నా అయ్యాకే ఫ్రీ చేసి, వెంటనే పాయింటర్‌ను నల్ చేయాలి, అంటే అందులో పాత చిరునామా చెరిపేయాలి.

ఆ పద్ధతిలోనే మాస్టారూ నేనూ హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక షెడ్డులో, కాయల్ని బరువు చూసి పక్కకు నెట్టే మిషన్‌కు ప్రోగ్రాం రాశాం. బరువును స్క్రీన్ మీద చూపించే ముక్క నాది. పెద్ద తెలివిగా లెక్క చూడకుండా ఫ్రీ చేసేశాను. కాయల్ని నెట్టే ఇనపచెయ్యి అదే బరువును ఇంకా చదువుతోంది. మాస్టారు బెల్టు మీద ఇరుక్కున్న కాయ తీస్తుండగా, ఆగి ఉండాల్సిన చెయ్యి ఏదో చెత్త అంకె చదివి విసురుగా వచ్చి కొట్టింది. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు కాయలతో పాటు దొర్లిపోయాయి.

ఈ ముక్క ఎవడు రాశాడని షెడ్డాయన అరిచాడు. వాణ్ణి ఈ చుట్టుపక్కల ఎక్కడా పని చెయ్యనివ్వనన్నాడు. మాస్టారు నెత్తురోడే చేతికి తువ్వాలు చుట్టుకుని “నేనేనండి” అన్నారు. ఆటో ఎక్కాక మాత్రం రెండో చేత్తో నా చెంప పగలగొట్టారు. “పొద్దున్నే వచ్చి సరిచెయ్” అన్నారు. ఇవాళ నేను పొలాల్లో మోటారు పెట్టెలకు ప్రోగ్రాం రాసుకుని తింటున్నానంటే ఆ అబద్ధం చలవే. ఈ సంగతి బయటపెట్టడం ఇదే మొదలు.

దహనం అయ్యాక తోటకు వెళ్ళాను. ఆయన్ని కిందికి దించిన నిచ్చెన అలాగే ఉంది. కాలికి ఎర్రగుడ్డ, ఆయన మిగిలిన మూడువేళ్ళతో వేసిన వంకర ముడి. దించే కంగారులో ఆ గుడ్డ సంగతి ఎవరికీ గుర్తులేదు.

“విప్పుతారేంటండీ?” అని కోతమేస్త్రి మెల్లగా అడిగాడు.

ముట్టుకుంటే కొట్టే మనిషి లేడు. అయినా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. కోతవాళ్ళు ఇంకో నిచ్చెన తెచ్చుకుని పక్క చెట్టుకు వేసుకున్నారు. ఎక్కేముందు ఒక్కొక్కరే వంగి గుడ్డ కట్టారు.