కడప ముందు పెట్టు

మా ఇంటికీ నా స్నేహితురాలి ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఇటువైపు మా నాన్న మగ్గం, అటువైపు వాళ్ళ నాన్న కుట్టుమిషను. కడపకు బస్సులో గంట దూరంలో ఉన్న ఆ ఊళ్ళో మేమిద్దరం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. లెక్కలు ఆమె చేసేది, నేను చూసి నేర్చుకునేదాన్ని. ఇంజనీరింగ్ ఎంట్రన్సులో ఆమె ర్యాంకు నాకంటే చాలా మేలుగా వస్తే మా వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

వాళ్ళ నాన్నను నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. కాలేజీ ఫీజు ప్రభుత్వమే కడుతుందని తెలిశాక, ఆదాయం సర్టిఫికెట్ కోసం ఆయన రంజాన్ బట్టల గిరాకీ కూడా వదులుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అది చేతికొచ్చిన రోజు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"కడపలో వస్తే సదువుకో బిడ్డా. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేయ్. హాస్టలంటే మాత్రం నాతో కాదు. దానికి గవర్నమెంటోళ్ళు ఇయ్యరు, నేను యాడ తెచ్చేది?"

ఆమె సరేనంది. అందులో ఆమెకు నిరాశేమీ లేదు. బస్సు పాసు కోసం అప్పుడే ఫొటో కూడా దిగి పెట్టుకుంది.

నాకు మాత్రం రాజంపేట కావాలి. అక్కడి కాలేజీకి పేరుంది, హాస్టలుంది. మా ఇంట్లో నేను పడుకునే గదిలోనే మగ్గం. చదువుతూ చదువుతూ మధ్యలో లేచి మగ్గానికి నూలు కండెలు చుట్టివ్వాలి. నాకొక మంచం, ఒక బల్ల, తలుపు వేసుకుంటే చప్పుడు వినపడని ఒక గది కావాలి. మా మేనమామ నాకు హాస్టలు ఖర్చు భరిస్తానన్నాడు. కానీ మా అమ్మ, "ఆ బిడ్డ వస్తే నువ్వూ పో. ఒక్కదాన్ని పంపను" అని తేల్చేసింది.

ఏ కాలేజీ ముందు కావాలో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టడానికి చివరి రోజున వాళ్ళంతా బంధువుల పెళ్ళికి పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ ఆమె తన హాల్‌టికెట్ నంబరూ పాస్‌వర్డూ నా నోటుబుక్కులో రాసిచ్చింది.

"నువ్వే పెట్టు మే. కడప ముందు పెట్టు. రాజంపేట అసలుకే వద్దు."

బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో ఆ రోజు నిలబడటానికి చోటు లేదు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ముందు నావి పెట్టాను. తర్వాత ఆమెవి. చివర్లో ఓటీపీ చిన్నాయన ఫోనుకు వెళ్ళింది. నేను ఫోన్ చేస్తే ఆమే ఎత్తింది. వెనక పెళ్ళి బాజాలు. ఆరంకెలనూ రెండుసార్లు చదివి చెప్పింది.

"కడపే కదా ముందర?" అని అడిగింది.

"ఆ, కడపే" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా ఎదుట తెర మీద, ఆమె పేరు కింద మొదటి వరుసలో రాజంపేట ఉంది. రెండో వరుసలో కడప. సీటంటూ వచ్చాక చిన్నాయన ఎలాగోలా ఒప్పుకుంటాడులే అనుకున్నాను. ఆమె మంచికే కదా అని కూడా అనుకున్నాను. ఈ రెండోది అప్పుడే అనుకున్నానో, తర్వాత కల్పించుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

సీట్ల కేటాయింపు వచ్చింది. ఆమెకు రాజంపేట. నా ర్యాంకు రాజంపేటకు అందలేదు. నాకు కడప వచ్చింది.

ఆమె ఫోను చేత్తో పట్టుకుని మా గడపలో నిలబడింది. "కడప ముందు పెడితే రాజంపేట ఎట్లొచ్చె మే? నీకొచ్చిందే, నాకెందుకు రాల్యా?"

"ఏమో మే. కోటాల్లో ఏందో లెక్కుంటాదంట" అన్నాను.

నమ్మింది. లెక్కల్లో నా తప్పులన్నీ పట్టుకునే పిల్ల దీన్ని పట్టుకోలేదు. నా మీద అనుమానం వస్తే కదా వెతికేది!

రాజంపేటకు రోజూ పోయి రావాలంటే రెండు బస్సులు మారాలి, ఒక్కో పూటకు మూడు గంటలు. చిన్నాయన హాస్టలుకు ఫోన్ చేసి అడిగాడు. అవతలివాళ్ళు చెప్పింది విని, "సరే సార్" అని పెట్టేశాడు. రెండో విడత కౌన్సెలింగ్‌లో ఆమె స్వయంగా కూర్చుని ఒక్క కడపే పెట్టుకుంది. అప్పటికి అక్కడ సీట్లు నిండిపోయాయి.

నేను కాలేజీలో చేరే రోజు చిన్నాయన నాతో పాటు కడప వచ్చాడు. ఎవరైనా సీటు వదులుకుంటే దొరుకుతుందేమోనని ఆయన ఆశ. తొందరలో మెడలో కొలతల టేపు అట్లాగే వేసుకుని వచ్చేశాడు. ఆఫీసులో ఉన్నాయన మంచిగానే చెప్పాడు, ఎవరో వదులుకున్నవి ఒకటి రెండు సీట్లు ఉన్నాయని, కానీ కౌన్సెలింగ్ అయిపోయాక ఇలా నేరుగా చేరినవాళ్ళకు ప్రభుత్వం ఫీజు కట్టదని, మొత్తం సొంతంగా కట్టుకోవాలని.

"నెలనెలా ఇంతని కడతా సార్" అన్నాడు చిన్నాయన.

"అట్ల కుదరదప్పా. నా చేతుల్లో ఉంటే చెయ్యనా?"

నేను అక్కడే ఉన్నాను, చేతిలో నా ఫైలుతో. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెబితే సీటు తిరిగి వచ్చేది కాదు, అయినా చెప్పాల్సింది. చిన్నాయన బయటికి వచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు బాగా సదువుకో పాపా. క్లాసులో ఏం చెప్పినారో దానికీ అప్పుడప్పుడు చెప్తాండు. శానా ఆశపడె."

ఆ తర్వాత ఆమె మిషను దగ్గర కూర్చుంది. ఈ ఒక్క ఏడాదికే అన్నారు. ఏడాది తిరిగేసరికి చిన్నాయనకు కంటి చూపు మందగించింది, పని పూర్తిగా ఆమె మీద పడింది. మొదట్లో సాయంత్రాలు నా నోట్సు అడిగి తీసుకునేది. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. నేను ఇవ్వడమూ మానేశాను. గోడ అవతల మిషను తిరుగుతుంటే నేను ఇవతల పరీక్షలకు చదివి పాసయ్యాను.

నిరుడు కడపలోనే నాకు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు రవికలు కుట్టించుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె నా కుడి చేతికి కొలత తీస్తోంది. "ఆఫీసులో ఏసీ ఉంటాదంట కదా, చేతులు పొడుగ్గా పెడతా" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మొత్తం చెప్పేశాను. రాజంపేట ముందు పెట్టింది నేనేనని, ఫోనులో అబద్ధమాడానని, కోటా లెక్కా అబద్ధమేనని.

ఆమె నా చేతి మీద నుంచి టేపు తీసేసింది.

"ఎందుకు చెప్తివి మే?" అంది. "చెప్పకపోయింటే బాగుండు. ఇన్నేండ్లూ నాకింతే రాసిపెట్టిండాదనుకుంటి. అట్లనుకుంటే నిద్ర పట్టేది. ఇప్పుడు నిన్ను అనుకోవాల్నా?"

ఆమె నా ఎడమ పక్కకు జరిగింది.

"మా అబ్బాకు మాత్రం చెప్పొద్దు. నీకు ఉద్యోగం వచ్చిందని ఊరంతా చెప్పుకుంటాండాడు."

అని, నా ఎడమ చేతికి కూడా కొలత తీసి చీటీ మీద రాసుకుంది.

రవికలు వాళ్ళ చెల్లెలి చేత పంపింది. ఆ తర్వాత నేను రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రెండుసార్లూ వాళ్ళమ్మే గుమ్మంలోకి వచ్చి, "పనిలో ఉండాదమ్మా" అంది. రెండోసారి లోపల మిషను చప్పుడు లేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.