గోడ అవతలి సాక్ష్యం

మా ఇల్లు కోరుట్లలో, పుట్టిల్లు సిరిసిల్లలో, చర్చి జగిత్యాలలో. ఈ మూడూళ్ళ మధ్య బస్సుల్లోనే నా బతుకు సగం గడిచిపోయిందని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. నిజమే కాబట్టి నేను ఎదురు చెప్పను. వేరే విషయాల్లో అయితే ఊరుకునే మనిషిని కాదు.

సిరిసిల్లలో మా నాన్న సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. షెడ్డును ఆనుకునే ఇల్లు. పొద్దస్తమానం ఆ చప్పుడులో ఉప్పు కావాలన్నా అరిచే అడగాలి. అందుకే మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. పెళ్ళై కోరుట్ల వచ్చిన కొత్తలో మా అత్తమ్మ ఓపిగ్గా, "మెల్లగ మాట్లాడు బిడ్డా, ఈడ సాంచల్లేవు" అని చెప్పేది. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. నేను గుసగుసలాడాననుకున్నది గేటు దాకా వినపడుతుందట.

ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మిషను పెట్టుకున్న కిటికీకి ఎదురుగా, నడుము ఎత్తు గోడ. గోడ అవతల ఒక రైతు కుటుంబం ఉంటుంది. ఆ ఇంటాయన మస్కట్‌లో పని చేస్తాడు. ఆయన భార్య నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను చెల్లె అంటాను. మాది రక్తసంబంధం కాదు, కులం కాదు, దేవుడు కూడా ఒకడు కాదు. ఉన్నదల్లా ఆ గోడే. దాని మీదుగా గోంగూర ఇటు వచ్చేది, కుట్టిన జాకెట్లు అటు పోయేవి. రెండు దిక్కులా పోయేవి ముచ్చట్లు.

ఆమె చేసే పని ఒకటుంది, దానికి నేను పెద్దగా విలువ కట్టలేదు. పండుగ నాడు ఏం వండినా, దేవునికి నైవేద్యం పెట్టకముందే నా గిన్నె వేరుగా తీసి గోడ మీద పెట్టేది. "ముందే తీసిపెట్టిన అక్కా" అనేది. విగ్రహం ముందు పెట్టింది మేము తినం. ఈ సంగతి నేను ఆమెకు ఏనాడూ చెప్పలేదు. ఎవరు చెప్పారో అడగాలని కూడా నాకు తోచలేదు. గారెలు వేడిగా ఉంటే ఎవరికి ప్రశ్నలు గుర్తొస్తాయి!

ఆమెకు నా దేవుని గురించి చెప్పకపోవడమే నా బాధ. మా చర్చిలో పాస్టరును అయ్యగారంటాం. ఆయన ఒక ఆదివారం, పక్కింటివాళ్ళకు దేవుని గురించి ఒక్క మాటైనా చెప్పనివాళ్ళు చేతులెత్తండి అన్నారు. అందరం నేల చూపులు చూశాం. నాకు మాత్రం ఆ ప్రశ్న నన్నొక్కదాన్నే అడిగినట్టు అనిపించి ఒళ్ళు మండింది. జాకెట్టు చెయ్యి ఒక వేలు పొడుగైందని ఎవరైనా అంటే వాళ్ళతో గంట సేపు కొట్లాడగలను. కూరగాయలాయన నాతో బేరం అంటే భయపడతాడు. అలాంటి నాకు ఈ ఒక్క మాట దగ్గర నోరు పడిపోయేది. ప్రభువు అనబోయి "చాయ్ తాగుతవా" అనేదాన్ని.

మిషను తొక్కుతూ మాటలు తయారు చేసుకున్న రోజులున్నాయి. "చెల్లె, మనిషికి శాంతి ఎక్కడ దొరుకుతుంది?" అని మొదలుపెడదామనుకున్నాను. నా మాట నాకే బీమా ఏజెంటు మాటలా వినిపించింది. వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న మనిషిని పట్టుకుని ఎవరైనా అలా అడుగుతారా? పైగా లోపల ఒక భయం. ఇన్నేళ్ళూ నువ్వు పోసిన చాయ్ ఇందుకేనా అక్కా అని ఆమె అనుకుంటే? ఆ ఒక్క అనుమానంతో గోడ నిజంగా గోడ అయిపోతుంది. కోరుట్లలో నాకు చుట్టాలు చాలామంది ఉన్నారు గానీ చెల్లె ఒక్కతే.

అలా ఉండగా ఆమె భర్త ఫోను కలవడం మానేసింది. రోజూ సాయంత్రం వీడియోలో కనిపించే మనిషి. మొదట రీచార్జి అయిపోయిందేమో అనుకున్నారు. వారం దాటింది. అక్కడే పనిచేసే ఊరి మనిషిని అడిగితే, వేరే సైటుకు పంపించారంట, ఎక్కడో తెలియదన్నాడు. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి నా మిషను పక్కన కూర్చుంది. ఏడుపు బయటకు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలో అలాంటి మౌనం ఎంత భయంగా ఉంటుందో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు.

ఆ క్షణం నేను తయారు చేసుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది అనేశాను. "ఏడ్వకు చెల్లె. నేను రోజు ప్రార్థన జేస్త. మీ ఆయన ఫోన్ రానీ, జగిత్యాలల అందరి ముందట నిలవడి మీ ముచ్చట సాక్ష్యం చెప్త."

అన్నాక గుండె మీది బండ దించినట్టయింది. హమ్మయ్య, ఎట్టకేలకు చెప్పాను! ఆ సంబరంలో ఆమె మొహం సరిగా చూడలేదు. చూసేసరికి ఆమె లేచి నిలబడింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు గోడ దగ్గరకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను పిలిస్తే పని ఉందన్నట్టు లోపలికి పోయింది. కుట్టమని ఇచ్చిన జాకెట్టు కోసం అత్తను పంపింది. ఆ ముసలామె గుమ్మంలోనే నిలబడి, జాకెట్టు చంకలో పెట్టుకుని, నన్ను ఎగాదిగా చూసి వెళ్ళింది.

నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఇన్నేళ్ళు దేనికి భయపడ్డానో అదే జరిగింది. దేవుని మాట ఎత్తాను, చెల్లె పోయింది. మొదట కోపం వచ్చింది. ప్రార్థన చేస్తానన్నందుకు ఇంత కోపమా, నేనేమైనా ఆమె బొట్టు చెరపమన్నానా అని మా ఆయన మీద అరిచాను. ఆయన పేపరు దించకుండానే, "ఆమె మీది కోపం నా మీదెందుకు" అన్నాడు. తర్వాత కోపం పోయి దుఃఖం మిగిలింది. కుట్టిన కుట్టే విప్పి మళ్ళీ కుట్టాను.

అయినా ప్రార్థన మానలేదు. మాటిచ్చాను కదా. తెల్లవారుతూనే వెనక వరండాలో, బట్టలుతికే బండ పక్కన కూర్చుంటాను. అది నా చోటు. ఆ రోజుల్లో నా ప్రార్థన అంత భక్తిగా కూడా లేదు, సగం తగువులా ఉండేది. ప్రభువా, మా చెల్లె నాతో మాట్లాడకపోతే మానె, ఆమె మొగుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి, ఫోను రావాలి, ఆ పిల్ల కంటినిండా నిద్రపోవాలి. నా సంగతి తర్వాత చూద్దువు గానీ ముందు అది చూడు. రోజూ ఇవే మాటలు. కొన్నిసార్లు కళ్ళు తుడుచుకుంటూ, కొన్నిసార్లు పళ్ళు కొరుకుతూ.

ఒక రోజు పొద్దున ప్రార్థన ముగించి లేచేసరికి గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. గోడ దగ్గర కాదు, బయటివాళ్ళు వచ్చినట్టు గేటు దగ్గర. లోపలికి రమ్మన్నా రాలేదు. గేటు ఊచలు పట్టుకుని అడిగింది.

"అక్కా, ఒక్క ముచ్చట నిజం చెప్పు. కోర్టుల నువ్వు మా బావ దిక్కు సాక్ష్యం చెప్తున్నవా?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ కోర్టు, ఏ బావ అన్నాను. అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. ఆమె భర్తకు, ఆయన అన్నకు పొలం గట్టు దగ్గర తగాదా ఉంది. ఆ కేసు జగిత్యాల కోర్టులో నడుస్తోంది. దాని గురించి ఎవరికీ చెప్పని మాటలు కూడా వెల్లుల్లి ఒలుస్తూ నాకు చెప్పింది. సరిగ్గా ఆ వారమే ఆమె ఏరాలు, అంటే ఆ అన్న భార్య, జాకెట్టు కుట్టించుకోవడానికి నా దగ్గరకు వచ్చి పోవడం చూసింది. ఆ మీదట నేను జగిత్యాలలో అందరి ముందూ నిలబడి మీ ముచ్చట సాక్ష్యం చెప్తానన్నాను. ఎవరైనా ఏమనుకుంటారు? దుఃఖంలో ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ బెదిరించానని ఆ ఇల్లంతా అనుకుంది.

మాకు సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. పుట్టినప్పటి నుంచి ఆదివారం ఆదివారం వింటున్న మాట. దానికి బయట ఇంకో అర్థం ఉందని, ఆ అర్థమే అసలుదని నాకు ఎన్నడూ తట్టలేదు. విషయం తెలిశాక గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. చర్చిలో సాక్ష్యమే చెల్లె, కోర్టు కాదే అని ఎలాగో చెప్పగలిగాను. ఆమె కాసేపు అనుమానంగా చూసి, తర్వాత గేటు మీద తల ఆనించి తనూ నవ్వింది. ప్రాణం లేచి వచ్చింది నాకు. దేవుని మాట వల్ల పోలేదు నా చెల్లె, నా భాష వల్ల పోయింది. భాషదేముంది, సర్దుకోవచ్చు.

ఇన్ని రోజులు పట్టుకున్న అనుమానం ఈ పొద్దు ఎందుకు అడిగావని అన్నాను. ఆమె తల దించుకుని చెప్పింది.

"మా ఆయన ఫోన్ నిన్ననే అచ్చింది అక్కా. ఎడారిల సైటంట, సిగ్నల్ లేదంట, మంచిగనే ఉన్నడు. నీకు చెప్పకుంటనే ఊకున్న. ఈ పొద్దు లేసేటాల్లకు నువ్వు ఇంకా మొక్కుతనే ఉన్నవ్, ఫోన్ రావాలె ఫోన్ రావాలె అని. మా చెల్లె అంటున్నవ్. నా మీద ఎదురు సాక్ష్యం చెప్పెటామె దేవునితోటి నన్ను మా చెల్లె అంటదా? ఇంక ఇనుకుంట ఉండుడు నాతోటి కాలేదు."

ఒకవైపు ఆయన క్షేమమన్న సంతోషం. మరోవైపు నిన్ననే జరిగిపోయిన పని కోసం పొద్దున్నే దేవుణ్ణి సతాయించానన్న సిగ్గు. ఆమెను లోపలికి లాక్కుపోయి చాయ్ పెట్టాను. ఈసారి చాయ్ చాయ్ కోసమే.

తాగుతూ ఆమే అడిగింది, మీ చర్చిలో సాక్ష్యమంటే మరి ఏం చెప్తారని. చూసింది చెప్పుడే అన్నాను. అయితే కోర్టు లెక్కనే కదా, చెప్పు మరి అంది. అడిగాక ఇంక తప్పించుకునే దారి లేదు. మా నాన్న పోయిన యేడు నేను మిషను దగ్గర కూర్చోలేకపోయేదాన్ని. ఎంతసేపు చూసినా సూదిలోకి దారం ఎక్కేది కాదు. ఒక తెల్లవారుజామున వరండాలో కూర్చున్నాను, ప్రార్థనకు మాటలు రాలేదు. ఊరికే కూర్చున్నాను. పక్కన ఎవరో ఉన్నట్టే ఉంది. ఆ రోజు దారం ఎక్కింది. వెలుగు కనబడలేదు, గొంతు వినబడలేదు, దారం మాత్రం ఎక్కింది. ఇదే నేను చూసింది.

ఆమె గ్లాసు కింద పెట్టి, "గంతేనా" అంది. గంతే అన్నాను. "మంచిగుంది అక్కా" అంది. శాంతి ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

వెళ్తూ వెళ్తూ, జగిత్యాలలో చెప్పుకో గానీ మా గట్టు ముచ్చట మాత్రం ఎత్తకని హెచ్చరించింది. ఆ ఆదివారం చర్చిలో నిలబడి చెప్పాను. గట్టు ముచ్చట ఎత్తలేదు. మైకు ఇవ్వబోతే నీకక్కర్లేదులే అని అయ్యగారే వెనక్కి తీసుకున్నారు.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె గోడ దగ్గర ఎదురుచూస్తోంది. భర్త క్షేమంగా ఉంటే బెల్లం అన్నం నైవేద్యం పెడతానని రాజన్న దేవునికి మొక్కుకుందట. లోపల దేవుని గూట్లో దీపం ఇంకా వెలిగించలేదు. గిన్నె మాత్రం గోడ మీదికి వచ్చేసింది.

"ముందే తీసిపెట్టిన అక్కా."

ఈసారి అడిగాను. ముందే తీసిపెట్టాలని నేను ఏనాడూ చెప్పలేదు కదా, నీకెవరు చెప్పారని.

ఆమె వింతగా చూసింది. "నువ్వే చెప్తివి గదక్కా. నేను ఈ ఇంటికచ్చిన సంది రోజు పొద్దుగాల నీ ప్రార్థన ఇనుకుంటనే ఉన్న. నీ దేవుడు ఎవలో, నువ్వు ఏం తింటవో ఏం తినవో, నీకేం బాధలున్నయో అన్నీ తెలుసు నాకు. నీది మెల్లగ మాట్లాడే గొంతా?"

నేను గోడ దగ్గరే నిలబడి బెల్లం అన్నం తిన్నాను. ఇంకా వేడిగా ఉంది.