లడ్డు వేలానికి మూడు ఫోన్లు

వినాయకుడి లడ్డు వేలానికి సాఫ్ట్‌వేర్ కావాలని కనిపెట్టిన ఘనత మా మేనేజరుదే. అప్పుడే కంపెనీ యాప్‌లు తయారుచేసే ఒక కొత్త ప్లాట్‌ఫాం కొన్నది. యాప్ ఒక్కసారి రాస్తే చాలు, ఏ ఫోన్లోనైనా ఒకేలా పనిచేస్తుందట. పెళ్లిచూపుల్లో అబ్బాయి గురించి కూడా ఎవరూ ఇంత గొప్పగా చెప్పరు. ఊరికి రాలేనివాళ్లు ఫోన్లోనే వేలం పాట పాడుకునేలా దాంతో నేనొక యాప్ తయారుచేశాను. "ఈసారీ పనిచేయకపోతే వేరే ఉద్యోగం చూసుకో" అని మేనేజరు ముందే దీవించాడు.

ఎనిమిదింటికి ఎల్బీనగర్‌లో బస్సెక్కాను. మీరు వెళ్తే కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. అంటే, సీటు దొరికితే. బొంగులూరు దాటేదాకా పొలాలకంటే ప్లాట్ల బోర్డులే ఏపుగా పెరిగి కనిపించాయి. పక్కన నిలబడ్డ ఇంజనీరింగ్ కుర్రాడు నా ఒళ్లో మూడు రకాల ఫోన్లు, మూడింట్లోనూ నేను పరీక్షిస్తున్న యాప్ చూశాడు.

"అన్నా, గిది నేర్చుకుంటె జాబ్ వస్తదా?"

"ఉన్నది ఊడకుండా చూసుకుంటున్నాను తమ్ముడూ."

జాలిగా చూసి శేరిగూడలో దిగిపోయాడు.

ఇబ్రహీంపట్నంలో ఇడ్లీ తిని, ఆటోలో పక్క ఊరి మండపానికి చేరేసరికి పది. కమిటీ పెద్ద యాదయ్య నాకోసమే చూస్తున్నాడు. "సిటీల ఉన్నోళ్లు గూడ పాడాలె సార్. ఈసారి లడ్డు మస్తు రేటు పోవాలె!"

నేను వచ్చినప్పటినుంచి లేని సిగ్నల్ సరిగ్గా వేలం మొదలయ్యాకే వచ్చింది. యాదయ్య మైకు పట్టుకునే అడిగాడు: "ఏది సార్, నీ ఫోన్లు నడుస్తున్నయా?"

మొదటి ఫోన్లో నొక్కాను. మండపంలోని టీవీ మీద లక్షతో మొదలైన పాట వెయ్యి పెరిగింది. రెండోదాంట్లో నొక్కాను, ఇంకో వెయ్యి. మూడోదీ అంతే! ఆర్నెల్లుగా ఒక్కరోజూ కలవని మూడూ కలిశాయి. ఆనందంతో కళ్లు చెమర్చాయి. తలెత్తేసరికి యాదయ్య "మూడోసారి!" అనేశాడు. డప్పులు మోగాయి.

"అయ్యో, అది టెస్టింగండీ!"

"దేవుని ముంగట పాడిన పాట వాపస్ ఉండది సార్. ఫికర్ జెయ్యకుండ్రి, పైసలు వచ్చే చవితికల్ల ఇయ్యుండ్రి."

మెడలో దండ వేసి, తలమీద లడ్డు పెట్టి ఊరంతా తిప్పారు. మేనేజరు ఫోన్ చేసి, "మూడింట్లోనూ పనిచేసిందా? శభాష్! నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అన్నాడు. ఉద్యోగం ఉండాలి మరి, ఆ జీతమంతా ఇక లడ్డుకే కదా.

నాలుగింటి బస్సులో లడ్డుకు సీటు దొరికింది, నాకు దొరకలేదు. ప్లాట్‌ఫాం అమ్మినవాళ్లు అబద్ధమాడలేదు. అన్ని ఫోన్లలోనూ ఒకేలా మునిగాను.

కండక్టరు వచ్చాడు. "లడ్డు ఎవలు పాడిండ్రు సార్?"

"నేనే."

"పోటీకి ఎవలు?"

"నేనే."

నన్ను ఎగాదిగా చూసి, లడ్డుకు మాత్రం దండం పెట్టుకున్నాడు.