వెంటపడటానికి రెండు మాటలు

మా ఇంగ్లిష్ మేడం చనిపోయారని క్లాస్ గ్రూపులో మెసేజ్ చూడగానే తలుపు గడియ పెట్టుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు భయమేసింది. నా సంగతి తెలిసిన మనిషి ఆవిడొక్కరే.

భూపాలపల్లిలో మా గని క్వార్టర్స్ చివరి ఇల్లు మేడంది. సోంపు నములుతూ పాఠం చెప్పేవారు. ఏ మాటైనా వేరు దాకా తవ్వనిదే వదిలేవారు కాదు. "లాటినోళ్లు ఎప్పుడో పోయిన్రు గని, వాళ్ల క్రియలు మనల్ని ఇంక సతాయిస్తనే ఉన్నయ్," అనేవారు.

ఒకరోజు బోర్డు మీద పర్సిక్యూట్, ప్రాసిక్యూట్ అని రాశారు. రెండిటికీ వేరు ఒకటే, వెంబడించడం. "మొదటిదాంట్ల మనిషి వెంట పడుతరు, సతాయించుడే పని. రెండోదాంట్ల చేసిన తప్పు వెంట పడుతరు, కోర్టుల తేలేదాక ఇడువరు."

నేను తల దించుకున్నాను. పొలాలూ పలుకుబడీ ఉన్న ఇంటివాడొకడు నెలల నుంచి బైక్ మీద నా వెంట పడుతున్నాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని దాచుకున్నాను.

క్లాస్ అయ్యాక మేడం ఆపారు. "ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

అంతా చెప్పేశాను. వాడి బైక్ తగలబెట్టాలని ఉందని కూడా.

"తగలవెట్టు. రేపు వాడు బాధితుడైతడు, నువ్వు ముద్దాయివైతవ్. మంచిగున్నదా?" అని నవ్వారు. తర్వాత మెల్లగా, "కోపం జర గూడ తగ్గించకు బిడ్డా. గా కోపాన్ని స్టేషన్ దాక నడిపియ్యి. అమ్మకు చెప్పు, తోడు నేనొస్త," అన్నారు.

"పరీక్షలైనంక, మేడం."

ఆ సాయంత్రం నుంచి వాడి బైక్ వెనక మేడం స్కూటీ హారన్ కొట్టుకుంటూ వచ్చేది. వాడు ఆగితే తనూ ఆగేవారు. "ఎటు తమ్మీ? నాకు గూడ అటే పని!" వాడి మొఖం చూసి కడుపుబ్బా నవ్వుకున్నాను.

పరీక్షలు కాకముందే మేడం గుండె ఆగిపోయింది. అంతిమయాత్ర రోజు మేడం ఇంటి ముందు జనంలో వాడు నా పక్కకొచ్చాడు. "ఇగ ఎవరొస్తరే నీకు?"

అక్కడే, ఆడవాళ్ల మధ్య కూర్చున్న అమ్మ చెవిలో అంతా చెప్పాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎవడే వాడు? సూపెట్టు." చూపించాను. మర్నాడు పొద్దున ఇద్దరం స్టేషన్‌కు వెళ్లాం. వాడి పేరు ఇక్కడ రాయను. రాయించాల్సిన చోట రాయించాను.

నిన్న వాడి తరఫున ఇద్దరు పెద్దమనుషులు రాజీకి వచ్చారు. అమ్మ కుర్చీలు వేయలేదు.

"మేడం సుత లేకపాయె చెల్లె. సాక్ష్యం ఎవరు చెప్తరు?"

"నా బిడ్డ చెప్తది."

లోపల నేను కిటికీ రెక్క తెరిచాను. పక్కకు జరగలేదు, వాళ్లను తనివితీరా చూశాను. ఎండలో అట్లాగే నిలబడ్డారు. బొగ్గు లారీ ఒకటి పోయింది. లేచిన నల్లదుమ్ము వాళ్ల ఇస్త్రీ తెల్లచొక్కాల మీద మెల్లగా దిగింది.