సున్నం వేసే ముందు

జంషెడ్‌పూర్ కద్మాలో మా పెద్దమ్మ కొడుకు ఇంటికి నేను వెళ్లేసరికి ఆయన బకెట్లో సున్నం కలుపుతున్నాడు. ఉక్కు కంపెనీలో ఫర్నేసు పని నుంచి రిటైరయ్యాడు కాబట్టి మర్నాడు కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాలి. గోడలు తెల్లగా ఉండాలి. కానీ ఆ గోడల నిండా ఆయన ముప్పై ఏళ్లుగా వేసిన బొమ్మలున్నాయి. ఫర్నేసు మంటలో తనకు కనబడిన రెక్కల మనుషులట. ఒక్కో బొమ్మ కిందా సొంతంగా అల్లిన తెలుగు పద్యం.

"కాయితం మీద ఎయ్యొచ్చు గదా అన్నియ్యా! పరాయి గోడల మీద ఇదేటి?" అన్నాను.

"ఆల్లు కాయితంలో పడతారేటే? నా అంత ఎత్తున అవుపించినారు."

"పద్యాలైనా ఎవరన్నా సదివారా?"

"మీ వదినకి సదువు లేదు. పిల్లలకి హిందీయే. నువ్వు సదువు."

నాది మూడో తరగతి చదువు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. నేను ఒక గోడ ముగించాక ఆయన దానికి సున్నం వేసేవాడు. నా చదువు నత్తనడకని మా ఇంట్లో విసుక్కుంటారు. చివరి గోడ దగ్గర ఆయన కుంచె దించేసి, "ఇంకా నెమ్మదిగా సదువే చెల్లీ" అన్నాడు.