గ్రీజు తుడిచేశాను

ఒక మనిషి చావు నా మెడకు చుట్టుకుని ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. పోలీసులు నన్ను ఏమీ అడగలేదు. కోర్టు కాగితాల్లో నా పేరు లేదు. నరికినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు జైలుకు కూడా వెళ్లారు. అయినా ఆ చావు నాదే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ వర్షాల గురించో, రైళ్ల గురించో మాట్లాడి ఊరుకున్నాను.

ముందు నా కోపం గురించి చెప్పాలి. నేను మాట పడే మనిషిని కాను. ఎవరైనా ఒక మాట అంటే తిరిగి ఏదో ఒకటి చేస్తే గాని నాకు అన్నం సహించేది కాదు. మా అమ్మ దాన్ని పౌరుషం అనేది. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

అది తొంభైల చివర. రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేవాణ్ణి. పాత వంతెనలను పగలగొట్టకుండా, వాటిలోకి శబ్దం పంపించి లోపల ఎలా ఉన్నాయో చూసే పరీక్ష మా ల్యాబ్ చేసేది. దేనికి మరమ్మతు చాలు, దేన్ని పడగొట్టాలి అన్నది ప్రభుత్వం వాళ్లు మా రిపోర్టు చూసి తేల్చేవారు. పద్ధతి తేలికే. దూలానికి ఈ పక్క ఒక బిళ్ల, ఆ పక్క ఒక బిళ్ల ఆనించి పట్టుకోవాలి. ఈ బిళ్ల నుంచి బయల్దేరిన శబ్దం కాంక్రీటు దాటి ఆ బిళ్లకు చేరడానికి ఎంతసేపు పట్టిందో పెట్టె మీద అంకె పడుతుంది. త్వరగా చేరితే లోపల గట్టి. ఆలస్యమైతే డొల్ల. బిళ్లకూ కాంక్రీటుకూ మధ్య గాలి దూరకుండా గ్రీజు దట్టంగా రాయాలి. గ్రీజు లేకపోతే గట్టి కాంక్రీటు కూడా డొల్లగా కనిపిస్తుంది. ఇది తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు, వారం రోజులు పనిచేస్తే చాలు.

తణుకుకూ నిడదవోలుకూ మధ్య ఒక ఊళ్లో పంటకాలువ మీద వంతెన. వేసవిలో కాలువ కట్టేశారు కాబట్టి అడుగున మోకాలి లోతు బురదే ఉంది. మా ప్రొఫెసరు గారు గట్టు మీద గొడుగు కింద కూర్చుని పెట్టె మీది అంకెలు రాసుకునేవారు. వంతెన కింద బిళ్లలు పట్టుకునేది నేను. బళ్లు వెళితే దూలాలు అదిరి అంకె చెడుతుందని గంటసేపు రాకపోకలు ఆపాం. అప్పుడు సత్తిరాజు వచ్చాడు. ట్రాక్టరు నిండా చెరుకు, ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన పర్మిట్‌కు ఆ రోజే ఆఖరు. లోడు మీద అతని తమ్ముడు బుల్లియ్య కూర్చుని ఉన్నాడు. సత్తిరాజు రెండుసార్లు మర్యాదగానే అడిగాడు. నేను పైకి వచ్చి, ట్రాక్టరు ఎక్కి తాళం లాక్కున్నాను. నీ చెరుకు ఎండితే ఎండనీ అన్నాను.

అతను దిగి వచ్చి, తాళం తిరిగి లాక్కుని, నా చెంప మీద కొట్టాడు.

చెవిలో గుయ్యిమంది. వెనక్కి తూలి గట్టు మీంచి జారి బురదలో పడ్డాను. నోట్లో బురద, పెదవి చిట్లి రక్తం. పైన వంతెన మీద ఊరంతా ఉన్నట్టు అనిపించింది, నిజానికి ఓ ఇరవై మంది ఉంటారేమో. బుల్లియ్య నవ్వాడు. నవ్వుతూనే లోడు దిగి, గట్టు దిగి, నన్ను లేపడానికి చెయ్యి అందించాడు. ఆ చేతిని విదిలించి కొట్టాను. దెబ్బ కంటే ఆ నవ్వు ఎక్కువ మండింది. ఆ చెయ్యి ఇంకా మండింది.

ట్రాక్టరు వెళ్లిపోయింది. ఇవాళ్టికి ఆపేద్దామన్నారు ప్రొఫెసరు గారు. పూర్తి చేద్దామండి అని నేనే పట్టుబట్టాను. అప్పటికి ఏమనుకుంటున్నానో నాకు స్పష్టంగా తెలుసా? తెలుసనే అనుకుంటున్నాను. తెలియదని చెప్పుకుంటే బాగుండును.

కిందికి దిగి, బిళ్లల మీది గ్రీజును నా చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచేశాను. పొడి బిళ్లలను దూలానికి ఆనించాను. పైనుంచి ప్రొఫెసరు గారు అంకె చదివారు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ పెట్టాను. ఆయన రాసుకున్నారు. ఒక్కో అంకెకూ సత్తిరాజు ముఖం మీద ఒక గుద్దు గుద్దినట్టు ఉండేది నాకు. అతని పళ్లు రాలుతున్నట్టు, అతను బురదలో పొర్లుతున్నట్టు ఊహించుకుంటూ మిగిలిన దూలాలన్నీ అలాగే చేశాను.  సంతోషంగా ఉండేది.

ఆయనకు అనుమానం రాకపోలేదు. ముందురోజు, పైపొర గట్టిదనం చూపించే స్ప్రింగు సుత్తితో కొట్టి చూస్తే వంతెన గట్టిగానే ఉంది. పాతబడిన కాంక్రీటు పైపొర గట్టిపడి లోపల డొల్లగా ఉండొచ్చు కదండి అన్నాను. అది ఆయన దగ్గర నేర్చుకున్న మాటే. ఒక ముక్క కోసి తీసి చూద్దామన్నారు. కోసే యంత్రం చెడిపోయిందన్నాను. అది బాగానే ఉంది.

రిపోర్టు వెళ్లింది. భారీ వాహనాలు వెళ్లరాదని బోర్డు పెట్టి, రెండు చివర్లా ఇనుప పట్టాలు పాతారు. ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్లి వాటిని చూసి వచ్చాను. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

మళ్లీ చెరుకు సీజను వచ్చింది. ట్రాక్టర్లు చుట్టూ తిరిగి పక్క ఊరి పుంతలోంచి పోవాల్సి వచ్చింది. పుంత అంటే పొలాల మధ్య ఎడ్లబండి బాట, అంత బరువు అది ఎక్కడ మోస్తుంది? గుంతలు పడ్డాయి, పొలం గట్లు తెగాయి. తిట్టుకున్నారు, కొట్టుకున్నారు, పెద్దమనుషులు సర్దిచెప్పారు. చివరికి ఒకరోజు పక్క ఊరివాళ్లు పుంతకు అడ్డంగా తాటిదుంగలు పడేశారు. రెండువైపులా మనుషుల చేతుల్లో చెరుకు నరికే కత్తులున్నాయి. అవి గొడవ కోసం తెచ్చుకున్నవి కావు, పనిలోంచి అలాగే వచ్చేశారు. దుంగను పక్కకు లాగుతూ వంగిన బుల్లియ్య మెడ మీద దెబ్బ పడింది. ఒకటే దెబ్బ. అదే చెరుకు లోడు మీద వేసుకుని తణుకు ఆస్పత్రికి బయల్దేరారు. దారిలోనే పోయాడు. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త. ల్యాబ్‌లో నిలబడి చదివాను. పేపరు మడిచి మళ్లీ విప్పి చదివాను.

ఆ వేసవిలో వంతెన పడగొట్టడం మొదలుపెట్టారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు. కంప్రెసరు పెట్టి కొడుతున్నారు, కాంక్రీటు ఊడి రావడం లేదు. నిప్పులు లేస్తున్నాయి, ఉలి మొనలు వంగిపోతున్నాయి. రెండు రోజుల్లో అయిపోతుందనుకున్న పని పదో రోజుకు సగం కూడా కాలేదు. పనివాళ్లు మమ్మల్ని తిట్టుకుంటున్నారు, వినబడేలాగే. ప్రతి దెబ్బా నా అరికాళ్లలోంచి పళ్లలోకి ఎక్కింది. గట్టు మీద సత్తిరాజు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆ రోజు తమరి మీద చెయ్యి చేసుకున్నానండి. తప్పైపోయింది," అన్నాడు.

"పర్వాలేదండి," అన్నాను. నేను క్షమించాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

అతను ఒక కాంక్రీటు పెళ్ల తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పడిపోయే వంతెనేనాండి?"

కంప్రెసరు ఆగి ఉంది. అందరూ టీ తాగుతున్నారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

"పైకి గట్టిగానే ఉంటుందండి. లోపల డొల్ల," అన్నాను.

"అంతేలెండి. సదువుకున్నోళ్లు, మీకు తెలుద్ది. దీని మీదే తిరుగుతుంటే ట్రాక్టరుతో సహా ఇద్దరం పోయేవోళ్లమేమో. ఇది గట్టిదే అయితే మావోడు ఊరికే పోయినట్టు అవుద్ది కదండి."

పెళ్లను నెమ్మదిగా కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాకు ఉద్యోగంలో ప్రమోషన్లు వచ్చాయి. ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్లు మండేది. నేను జాగ్రత్తగా పనిచేస్తానని మా ఆవిడ ఓసారి ఎవరితోనో చెబుతుంటే, తింటున్న కంచం గోడకేసి కొట్టాను. ఎందుకని ఆమె ఇప్పటికీ అడగలేదు. సత్తిరాజుకు ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నిజం చెబితే అతనికి మిగిలిన ఆ కాస్త ఓదార్పు కూడా పోతుందని ఒక జవాబు చెప్పుకున్నాను. వినడానికి బాగుంది. నేను దాన్ని ఇన్నేళ్లు వాడుకున్నాను. అసలు సంగతి అది కాదు. అతని చేతిలో చచ్చిపోతానని భయం, అంతకంటే అతను నన్ను చంపకుండా ఊరికే చూస్తాడని భయం.

అతను ఇంకా ఉన్నాడు. ఊరు తెలుసు, ఇల్లు తెలుసు. మీకు చెప్పినంత మాత్రాన అతనికి చెప్పినట్టు కాదని కూడా తెలుసు. అయినా ఇంతవరకూ కాగితం మీద పెట్టని రెండు మాటలు పెడుతున్నాను. 

ఆ వంతెన గట్టిదే. బుల్లియ్య ఊరికే పోయాడు.